ఏడో మంచె మీది సొరబుర్ర

అనగనగా ఒక రాజు ఉన్నాడని మొదలుపెడతాననుకుంటున్నారేమో, ఈ కథలో రాజు లేడు. రాణి అసలే లేదు. అనగనగా ఒక జొన్నచేను ఉంది. ఆ చేనులో ఒక మంచె ఉంది. ఆ మంచె మీద ఒక పిల్ల ఉంది. ఇక మీరు ఊ కొడుతూ ఉండాలి. ఊ కొట్టకపోతే ఉన్నచోటే ఆపేసి లేచిపోతాను, ముందే చెబుతున్నాను. ఎందుకంత పట్టుదల అంటారా? కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

రెండు గుట్టల నడుమ ఒక ఊరు. ఊరి ముందర మొదలై అడవి దాకా పొడుగ్గా జొన్నచేలు. ఆ చేలల్లో ఏడు మంచెలు. మంచె అంటే తెలుసుగా? నాలుగు గుంజలు పాతి, పైన కట్టెలు పరిచి, నెత్తి మీద ఆకుల కప్పు వేసుకుంటారు. దాని మీద కూర్చుని పిట్టల్ని తోలాలి. జొన్న కంకి పాలుపట్టిన రోజు ఎక్కిన మనిషి కోత మొదలయ్యేదాకా ఊళ్ళో అడుగుపెట్టకూడదు. అది వాళ్ళ కట్టుబాటు.

ఇంకొక కట్టుబాటు కూడా ఉంది, ఈ కథంతా దాని మీదే నడుస్తుంది. మంచె మీద ఉన్నవాళ్ళు పిట్టల్ని "హో" అని అదిలించాలి. అంతకుమించి నోరు విప్పకూడదు. మంచె మీద నుంచి మాట వినిపించిందంటే ఆపద వచ్చిందని గుర్తు. అడవిపందులు పడ్డాయనో, చిరుత వచ్చిందనో, చేను అంటుకుందనో అర్థం. వినగానే ఊరంతా చేతిలో పని పారేసి గొడ్డళ్ళు, కర్రలు పట్టుకుని పరుగెత్తాలి. ఆ ఊళ్ళో పాలు తాగే పిల్లలకు కూడా ఈ మాట నేర్పేవాళ్ళు: మంచె మీద మాట ఆపదకే.

ఆరు మంచెలు ఆరు ఇళ్ళవాళ్ళవి. ఏడోది అడవి అంచున, వాగుకు అవతల. అది ఊరుమ్మడి చేను. ఆ చేనులో గింజ ఊరి పాతరలోకి పోతుంది, కరువొస్తే అందరూ తింటారు. అందరిదీ అయినదానికి కాపలా ఎవరు కూర్చుంటారు? ఎవరూ కూర్చోరు. అందుకని ఎవరూ లేని పిల్లని కూర్చోబెట్టారు.

ఆ పిల్ల పేరు మైసి. వాళ్ళ నాన్న వెదురుతో తట్టలు అల్లేవాడు. గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు నాన్నా పోయాడు, అమ్మా పోయింది, కథలు చెప్పే అవ్వా పోయింది. మిగిలింది మూడే. నాన్న కత్తి, అవ్వ కథలు, మైసి. పదేళ్ళ పిల్లని, నువ్వు బువ్వకు వెతుక్కునే పని లేదు, మూడు రోజులకోసారి జొన్న గటక వండి కుండలో పంపిస్తామని చెప్పి ఏడో మంచె ఎక్కించారు.

మొదటి ఏడు మొదటి రోజు మైసి పొద్దంతా హో అంది. రెండో రోజూ హో అంది. మూడో రోజు పొద్దు తిరిగేసరికి ఏడుపొచ్చింది. మంచె మీద నిలబడి, "ఎవ్వలన్న ఉన్నరా?" అని గట్టిగా అరిచింది.

ఊరంతా ఉరికొచ్చింది. గొడ్డళ్ళు, బరిసెలు, డప్పులు. ఊరి మోతుబరి పెద్దకాపు రొప్పుతూ వచ్చాడు. ఆరో మంచె మీదుండే ఓదెలు తాత అందరికంటే ముందొచ్చాడు. ఊళ్ళో కట్టుబాట్లన్నిటికీ ఆయనే పెద్ద.

"ఏదే? పందులా? చిరుతనా?" అని అడిగాడు.

"ఏం లేదు తాతా. ఎవ్వలన్న ఉన్నరేమో అని పిలిచిన."

ఓదెలు తాత మొహం ఎర్రబడింది. "మంచె మీద మాట ఆపదకే! ఎరుకలేదా నీకు? ఇంకొక్కపారి ఒర్రినవంటే ఊర్ల ఉండనియ్య."

మైసి మళ్ళీ ఎన్నడూ అరవలేదు. ఆరేళ్ళు అరవలేదు. అరవని పిల్ల బాగానే ఉందనుకున్నారు అందరూ.

మధ్యాహ్నం ఎండ ముదిరితే పిట్టలు చెట్లల్లోకి పోతాయి. చేను ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. అప్పుడు మైసి అవ్వ చెప్పిన కథలు తనలో తానే మెల్లగా చెప్పుకునేది. అవ్వ చెప్పేటప్పుడు మైసి ఊ కొట్టేది. ఇప్పుడు మైసి చెబుతుంటే ఊ కొట్టేదెవరు? చిలకలు కొట్టవు, అవి కంకులు కొట్టుకుపోతాయి. కథ చెప్పింది. ఆగింది. ఊ అన్నవాళ్ళు లేరు. మీరు ఎప్పుడైనా ఒక్కరే కూర్చుని కథ చెప్పుకుని చూడండి, సగంలోనే ఆపేస్తారు.

చేతులకు మాత్రం పని ఉండేది. మేదరి పిల్ల కదా, కత్తి పట్టుకుంటే వెదురు చెప్పినట్టు వినేది.

మొదట ఒక గిరక చేసింది. తాటాకు రెక్కలు నాలుగు, మధ్యలో వెదురు ఇరుసు, ఇరుసుకు ఒక చెక్కముక్క. గాలొస్తే రెక్కలు తిరుగుతాయి, చెక్కముక్క ఎండిన బొంగు మీద టకటకా కొడుతుంది. దాంతో పిట్టలు చేను వైపు చూడటం మానేశాయి. వారం తిరిగేసరికి పెద్దకాపు ఇద్దర్ని వెంటబెట్టుకుని చూడ్డానికొచ్చాడు. ఆ పూట మైసి ఆనందం ఏమని చెప్పను! ముగ్గురు మనుషులు, ముగ్గురూ తన మంచె కిందే, ముగ్గురూ తనతోనే మాట్లాడుతున్నారు. రెక్కలు ఎట్లా కోయాలో చూపించింది. ఇరుసుకు ఆముదం ఎందుకు రాయాలో చెప్పింది. వాళ్ళు నేర్చుకుని వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. ప్రతి చేనులోనూ గిరక లేచింది. దానికి పెద్దకాపు గిరక అని పేరు పెట్టారు. ఇంతకు ముందు మైసి హో అంటే వాగుకు ఇవతల ఓదెలు తాత కూడా హో అనేవాడు, అదొక్కటే ఆమెకు దక్కిన పలకరింపు. గిరక వచ్చాక హో అనే అవసరమే లేకపోయింది. తన చేతులతో తానే ఆ ఒక్క పలకరింపునూ పోగొట్టుకుంది పాపం.

రెండోసారి వెదురు బొంగుల గొట్టం చేసింది. కణుపులు కాల్చి, బొంగుకు బొంగు అతికి, మైనం పూసి, వాగు దాకా పరిచింది. ఈ కొస నుంచి మెల్లగా మాట్లాడితే ఆ కొసన వినిపిస్తుందని ఆశ. మాట్లాడి, చెవి పెట్టి చూస్తే, లోపలి నుంచి ఒక తొండ తలకాయ బయటపెట్టి ఆమెనే చూసింది. ఎలుకలు అందులో కాపురం పెట్టాయి. నాలుగో రోజు అడవిపందులు దాని మీదుగా నడిచి నుగ్గునుగ్గు చేసి పోయాయి. మైసి ఆ ముక్కల్ని ఏరి పొయ్యిలో పెట్టి అంబలి కాచుకుంది. ఏడవలేదు. వంట చెరుకుకైనా పనికొచ్చాయనుకుంది.

మూడోది, అసలైనది, అనుకోకుండా దొరికింది. ఎల్లమ్మ కథ చెప్పేవాళ్ళ చేతిలో జమిడిక చూశారుగా? బుర్ర, దానికి బిగించిన తోలు, తోలు మధ్యలోంచి ఒక తంతి. అవ్వ మీద బెంగతో మైసి ఎండిన సొరకాయ బుర్రకు మేక పొట్ట పొర బిగించి అట్లాంటిదే ఒకటి చేసుకుంది. తంతి లేక జనపనార దారం కట్టి, దాని రెండో కొసను చేని గట్టున ఉన్న గుంజకు బిగించింది. ఒక మధ్యాహ్నం ఆ బుర్ర పక్కన తలపెట్టి పడుకుంది. చెవి దగ్గరే ఎవరో గోటితో గీకినట్టయింది. లేచి చూస్తే దగ్గర ఎవరూ లేరు. దూరాన గుంజ మీద ఒక చిలక కూర్చుని ముక్కుతో దారాన్ని గీకుతోంది.

చిలక ఎక్కడ, తన చెవి ఎక్కడ! మైసి ఒళ్ళు జలదరించింది. ముక్కు గీకుడు వచ్చిన దారిన మాట రాదా అనుకుంది.

ఆ ఏడంతా అదే పని. దారం గడ్డిని తాకితే మాట చచ్చిపోతుందని తెలుసుకుంది. మంచుకు తడిస్తే వదులవుతుందని తెలుసుకుంది, తేనెమైనం రుద్దింది. తోలు మందమైతే పలకదని తెలుసుకుంది, పలుచని పొర వెతికింది. ఇవన్నీ ఎవరూ చెప్పలేదు, తానే పాడుచేసి తానే నేర్చుకుంది. చివరికి రెండు బుర్రలు, మధ్యన వాగు దాటేంత దారం సిద్ధమయ్యాయి. ఇక కావలసింది రెండో కొసన ఒక మనిషి.

దగ్గరి మనిషి ఓదెలు తాతే. మైసి మధ్యాహ్నం మంచె దిగి, వాగు దాటి, ఆరో మంచె కిందికి పోయింది. మంచె మీద నోరు విప్పకూడదు కనుక ఓదెలు తాత కిందికి దిగాడు.

"తాతా, గీ బుర్ర జెర చెవికి పెట్టుకో. నేను అవుతల నుంచి ముచ్చట జెప్త."

"మంచె మీద మాట ఆపదకే."

"ఒర్రుడు గాదు తాతా. గుసగుసనే. నీకు తప్ప ఎవ్వలకు వినవడది."

"గుసగుసైనా మాటనే. పో."

రెండో రోజు మళ్ళీ పోయింది. ఓదెలు తాత మొహం తిప్పుకున్నాడు. మూడో రోజు మళ్ళీ పోయింది. ఆయన నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకున్నాడు. మైసి చప్పుడు చేయకుండా మంచె ఎక్కి, ఆయన తల పక్కనున్న గుంజకు బుర్ర కట్టి, దారం బిగించింది.

"నీ ఇష్టం తాతా," అంది, నిద్ర నటిస్తున్నాడని తెలిసే. "వింటే విను. ఊ అంటే చాలు, నాకు తెలుస్తది."

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం బుర్ర నోటి దగ్గర పెట్టుకుని ఒక కథ చెప్పేది. మధ్యలో ఆగి, బుర్ర చెవికి పెట్టుకుని వినేది. కథ చెప్పింది. ఆగింది. ఊ అన్నవాళ్ళు లేరు.

ఇప్పుడొక సంగతి చెబుతాను, మైసికి తెలియదు, మీకు చెబుతున్నాను. ఓదెలు తాత వింటున్నాడు. మొదటి రోజు బుర్రలోంచి సన్నగా "అనగనగా" అని వినిపించగానే ఉలిక్కిపడి, అటూ ఇటూ చూసి, చెవి ఆనించాడు. అప్పటి నుంచి ఒక్క మధ్యాహ్నం మానలేదు. ఆయనకూ పలకరించేవాళ్ళు ఎవరూ లేరు. భార్య పోయి పన్నెండేళ్ళు, కోడలు మాట్లాడదు. పొద్దున లేచిన దగ్గర నుంచి ఎండ ఎప్పుడు నడినెత్తికి వస్తుందా అని చూసేవాడు. మైసి ఆగిన చోటల్లా తల ఊపేవాడు. అవును, తల ఊపేవాడు! తల ఊపితే దారంలో పోతుందా? ఊ అందామని నోటిదాకా వచ్చేది. ఊళ్ళో అందరికీ మంచె మీద నోరు విప్పొద్దని చెప్పినవాణ్ణి, ఈ పిల్లనే అందరి ముందూ కసిరినవాణ్ణి, ఇప్పుడు ఏ మొహంతో ఊ అనాలి అనుకునేవాడు. రేపు అందాంలే అనుకునేవాడు. ఆ రేపు నలభై రోజులు రాలేదు.

అవతల మైసి ఏమనుకుందో తెలుసా? బుర్ర పలకడం లేదనుకుంది. తప్పు తన పనిలోనే ఉందనుకుంది. తోలు మార్చింది. దారానికి మళ్ళీ మైనం రుద్దింది. బుర్ర నోరు కోసి పెద్దది చేసింది. బాగున్నదాన్ని విప్పి బాగుచేసి, విప్పి బాగుచేసి, వేళ్ళు పుళ్ళు చేసుకుంది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఓదెలు తాత మీద కోపం వస్తుంది.

ఇక చివరి కథ. గూడు కట్టడం రాని పిట్ట కథ. దానికి అమ్మా నాన్నా లేరు, ఎవరూ నేర్పలేదు. మూడు చెట్లు తిరిగి మూడు పిట్టల్ని అడిగింది. కాకి పొమ్మంది. గువ్వ వినలేదు. గిజిగాడు మాత్రం ఒక గడ్డిపోచ దాని నోటికందించి, చుట్టు అని చెప్పింది. ఆ పిట్ట గడ్డిపోచ ముక్కున పట్టుకుని కొమ్మ మీద వాలింది. అక్కడిదాకా చెప్పి మైసి దగ్గింది.

"మిగిలింది రేపు జెప్త," అంది బుర్రలో. "ఒళ్ళు వెచ్చగున్నది."

మర్నాడు మధ్యాహ్నం కథ రాలేదు. ఓదెలు తాత దారం లాగి చూశాడు. బిగువుగానే ఉంది. వాగు అవతల గిరక టకటకా తిరుగుతూనే ఉంది. పిల్ల బాగానే ఉందిలే అనుకున్నాడు.

రెండో మధ్యాహ్నం కథ రాలేదు. గటక తెచ్చే లస్మవ్వ ఏడో మంచె గుంజకు కుండ తగిలించి తిరిగొస్తుంటే ఓదెలు తాత కిందికి దిగి అడిగాడు.

"పిల్ల ఎట్లున్నది?"

"ఏముంటది? గిరక మోగుతనే ఉన్నది గదా," అని లస్మవ్వ వెళ్ళిపోయింది. ఆమె తల ఎత్తి చూడలేదు. గిరక మోగుతుంటే చూడాల్సిన పనేముంది?

మూడో మధ్యాహ్నం ఓదెలు తాత బుర్ర ముందు కూర్చున్నాడు. కథ రాలేదు. బుర్ర విప్పి నోటి దగ్గర పెట్టుకున్నాడు. అరవై ఏళ్ళుగా మంచె మీద హో తప్ప ఇంకొకటి అనని నోరు అది.

"ఊ," అన్నాడు. "ఊ. చెప్పు బిడ్డా. పిట్ట కొమ్మ మీద వాలింది. తర్వాత?"

బుర్ర చెవికి పెట్టుకున్నాడు. దారం సడలకుండా వెనక్కి లాగి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఒక ఊపిరి. ఆ ఊపిరి వెనక ఒక సన్నని గొంతు.

"తాతా... ఊ అన్నవా?"

"అన్న బిడ్డా."

"అయితే నా బుర్ర పలికిందా?"

"మొదటి దినం నుంచి పలికింది బిడ్డా. నేనే పలకలే."

అవతల చిన్నగా నవ్వు లాంటిది వినిపించింది. అంతే. ఇంకేమీ వినిపించలేదు.

ఓదెలు తాత మంచె మీద లేచి నిలబడ్డాడు. గొంతు చించుకుని మాటలతో అరిచాడు. "ఉరుకున్రి! ఉరుకున్రి! పిల్ల... పిల్ల..."

ఊరంతా ఉరికొచ్చింది. గొడ్డళ్ళు, బరిసెలు, డప్పులు. పెద్దకాపు రొప్పుతూ వచ్చాడు.

"ఏది తాతా? పందులా? చిరుతనా?"

ఓదెలు తాత వాగు మీద ఎండలో మెరుస్తున్న దారాన్ని చూపించాడు. "గా పిల్ల ఒక్కతే ఉన్నది."

"ఒక్కతే ఉంటే ఏంది? ఆరేండ్ల సంది ఒక్కతే ఉన్నది. గది ఆపదనా?"

"గదే ఆపద," అన్నాడు ఓదెలు తాత. "ఆరేండ్ల కింద గీ పిల్ల ఒర్రినప్పుడు గూడ గదే ఆపద. మనకే సమజ్ గాలే."

అందరూ దారం పట్టుకుని వాగు దాటారు. గిరక టకటకా కొడుతూనే ఉంది. గటక కుండ కట్టినచోటే కట్టినట్టుంది. మైసి మంచె మీద పక్కకు ఒరిగి ఉంది, చెవి కింద బుర్ర. చలిజ్వరం ఆమెను తీసుకుపోయింది. మొహం మాత్రం ఎవరి మాటో వింటున్నట్టు ఉంది. పెద్దకాపు పైకెక్కి మొట్టమొదట చేసిన పని, చేయి పెట్టి ఆ గిరకను ఆపడం.

ఆ రోజు సాయంత్రం ఏడో మంచె కిందే ఊరంతా కూర్చుంది. ఓదెలు తాత మైసి కథలు ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. నలభై రోజుల కథలు, ఒక్క ముక్క వదలకుండా. ఆగిన చోటల్లా ఊరంతా ఊ అంది. ఆలస్యంగా అంది, ఏం లాభం అంటారా? నాకూ అట్లాగే అనిపిస్తుంది. కానీ అనకుండా ఉండటం కంటే నయం.

మరుసటి ఏడు జొన్న పాలుపట్టేనాటికి ఏడు మంచెలకూ బుర్రలు కట్టారు. ఒక మంచె నుంచి ఇంకో మంచెకు దారం పోయింది. ఏడో మంచె ఎవరూ లేనివాళ్ళకు ఇవ్వడం మానేశారు, ఇంటికి ఒకరు చొప్పున వంతులు వేసుకున్నారు. మొదటి వంతు అడిగి మరీ ఓదెలు తాత తీసుకున్నాడు. పెద్దకాపు గిరక పేరు కూడా పోయింది. దాన్ని మైసి గిరక అంటారు, రోజూ మధ్యాహ్నం చేత్తో ఆపి, మనిషి గొంతు విన్నాకే మళ్ళీ వదులుతారు.

ఇప్పటికీ ఆ వైపు పిల్లలు అగ్గిపెట్టెలకు దారం కట్టి ఆడుకుంటారు చూశారా? మొదట హలో అనరు. ఒక కొసనున్నవాళ్ళు "మైసీ" అంటారు, రెండో కొసనున్నవాళ్ళు "ఊ" అంటారు. ఆ తర్వాతే ఆట. పెద్దవాళ్ళు కూడా, ఎవరైనా నాలుగు రోజులు కనబడకపోతే, "ఊ అని వద్దాం పద" అని ఆ ఇంటి తలుపు తడతారు.

ఆ పిట్ట కథ మాత్రం ఎవరూ పూర్తి చేయలేదు. ఓదెలు తాత దాన్ని ఎప్పుడు చెప్పినా గడ్డిపోచ ముక్కున పట్టుకుని కొమ్మ మీద వాలిన దగ్గరే ఆపేవాడు. ఏడాదికోసారి, మంచె ఎక్కిన మొదటి మధ్యాహ్నం, ఏడో మంచె మీదివాళ్ళు ఆ కథ అంతవరకే చెప్పి బుర్ర చెవికి పెట్టుకుంటారు. ఎవరి నుంచి వింటారో అడగకండి, నాకు తెలియదు.

అన్ని కథలూ కంచికి పోతాయంటారు. ఈ కథ పోలేదు. ఆ మంచె మీదే కూర్చుంది, బుర్ర చేతిలో పట్టుకుని. మీరు ఇంతసేపూ ఊ కొట్టారు చూడండి, అది నా కోసమని నేను అనుకోలేదు. ఇంకొక్కసారి అనండి, గట్టిగా అక్కర్లేదు, ఆమెకు గుసగుసైనా వినిపిస్తుంది.